తొట్టె కడిగే చేప

జగదల్‌పూర్‌లో మా ఇంటి ముందుగదిలో ఒక గాజు తొట్టె ఉంది. అందులో రెండు బంగారు చేపలు. పిల్లల ముచ్చట కోసం తెచ్చాం. రెండు నెలలు తిరగకుండానే అద్దాలకు పచ్చటి నాచు పట్టింది, నీళ్ళు మసకబారాయి. కొన్న దుకాణానికే వెళ్ళి అడిగితే, వేలెడంత నల్లటి చేపను ఒకదాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చారు. "ఇది సఫాయీ చేప. దీనికి వేరే మేత అక్కర్లేదు. మిగతా చేపల మురికి తిని బతుకుతుంది" అన్నారు. సంతోషంగా తెచ్చుకున్నాం. ఆ మాటలో ఏముందో ఆ రోజు మాకు తట్టలేదు. తొట్టె ఉన్నది బాబాసాహెబ్ పటం కిందే, అయినా తట్టలేదు.

ఆ చేపను ప్లెకో అంటారు. నోరు అడుగువైపు ఉంటుంది, దానితో అద్దాన్ని కరచుకుని ఉంటుంది. మొదట్లో నాచు బాగానే గీకింది. అద్దాలు మెరిశాయి, వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. నాచు అయిపోయాక అది ఏం తింటోందని ఇంట్లో ఎవరం అడగలేదు. దాని పని అది చేసుకుంటోంది కదా అనుకున్నాం. ఒకరోజు పొద్దున పెద్ద బంగారు చేప పక్కటెముకల దగ్గర పొలుసులు లేచి, ఎర్రటి మచ్చ కనిపించింది. ఆ రాత్రి టార్చి వేసి చూస్తే ప్లెకో దాని ఒంటికి అతుక్కుని ఉంది. మా అమ్మాయి "నాన్నా, ఇది దెయ్యం" అని ఏడ్చింది.

అప్పుడు గాని దాని గురించి తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. ప్లెకో సొంత ఊరు దక్షిణ అమెరికాలోని వెచ్చటి నదులు. చేపల మలం దాని తిండి కాదు. ఆ మాట ఎవరు పుట్టించారో గాని, లోకమంతా నమ్మింది. అది నాచు, నానిన కట్టె, ఆకులు తింటుంది. ఆకలేస్తే రాత్రిపూట మందంగా కదిలే బంగారు చేప ఒంటిమీది జిగురు పొరను గీకుతుంది. శుభ్రం చేయడం మాట అటుంచి, దాని మలమే బోలెడు. వేలెడు చేప అడుగు దాటి పెరుగుతుంది, పది పదిహేనేళ్ళు బతుకుతుంది. దానికి వెచ్చటి నీళ్ళు కావాలి. బంగారు చేపకు చల్లదనం కావాలి. బస్తర్ పీఠభూమి మీద డిసెంబరు రాత్రులు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. హీటరు పెడితే ఒకదానికి బాధ, తీసేస్తే రెండోదానికి బాధ. అంటే ఆ రెండింటినీ ఒక తొట్టెలో కలిపింది వాటి స్వభావం కాదు, మా సౌకర్యం.

ఇక్కడే మాకు సిగ్గు వేసింది. ఫలానా పుట్టుక కాబట్టి ఫలానా పని, ఆ పనే దాని తిండి, అంతకు మించి దానికేమీ బాకీ లేము. ఈ లెక్క ఎక్కడిది? 1936లో బాబాసాహెబ్ 'కుల నిర్మూలన' రాసినప్పుడు కులం పనిని పంచడమే కాదు, పనిచేసే మనుషుల్నే అరల్లో పెట్టి విడదీస్తుందని చూపించారు. ఆ అరను మన చేతుల్తో మన ఇంట్లో పెట్టుకున్నాం. ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. సఫాయీ కార్మికుణ్ణి చేపతో పోల్చడం మా ఉద్దేశం కాదు. అలా పోలిస్తే అది మరో అవమానం. మనిషి ఆ అరను బద్దలు కొట్టగలడు, సంఘం పెట్టగలడు, ధమ్మ దీక్ష తీసుకోగలడు. చేపకు ఆ దారి లేదు. మేము చెప్పేది చేప గురించి కాదు, దాన్ని కొన్న మా మనసు గురించి. 'శుభ్రం చేయడానికి పుట్టినది' అన్న మాట చెవిన పడగానే ఆ మనసు ప్రశ్న వేయలేదు, హాయిగా ఊపిరి పీల్చుకుంది. 1956 నాగపూర్ దీక్ష తర్వాత మూడు తరాలు గడిచాయి, ఆ హాయి ఇంకా మన లోపల ఉంది.

ఆకలితో మాడ్చింది మేము, దెయ్యం అన్న పేరు మాత్రం దానికి. ఆంధ్రలో చేపల చెరువుల దగ్గర కూడా దాన్ని దెయ్యం చేప అనే అంటారు. రైతుల కోపం ఉత్తది కాదు. దాని ఒంటి ముళ్ళకు వలలు చిరుగుతాయి, అది గట్లలో బొరియలు తవ్వుతుంది. తూర్పు కనుమల నీళ్ళలో ఈ జాతి ఎంతగా పాకిందో హైదరాబాదు సిసిఎంబి శాస్త్రవేత్తలు నీటిలోని డిఎన్ఏ జాడలు పట్టి చూపించారు. అయితే అమెజాన్ నుంచి అది ఈదుకుంటూ రాలేదు. గాజు తొట్టెల్లో పెరిగి, పట్టక, విసుగు పుట్టించి, కాలువలో పడింది.

మరి మా చేపను ఏం చేయాలి? ఆదివారం వందన తర్వాత ఈ మాట ఎత్తాం. ఒక పెద్దాయన, అనుభవజ్ఞుడైన ఉపాసకులు, "వైశాఖ పున్నమి వస్తోంది కదా, దళపత్ సాగర్‌లోనో ఇంద్రావతిలోనో విడిచిపెట్టండి, ప్రాణదానం చేసినట్టవుతుంది" అన్నారు. ఆయన మాట వెనక పాత సంప్రదాయం ఉంది. చైనాలో ఉపాసకులు బోనుల్లోని జీవాలను కొని విడిచిపెట్టేవారు, విహారాల పక్కన అందుకోసమే చెరువులు ఉండేవి. అక్కడ వదిలిన ఎర్రటి, పసుప్పచ్చటి చేపలనే తర్వాత పెంచుతూ పోతే నేటి బంగారు చేప వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. అంటే మా తొట్టెలోని రెండు చేపలూ ఎప్పటిదో ఒక కరుణకు వారసులే. కరుణతో వదిలిన చేప చివరికి అలంకారమై అద్దం వెనక్కి చేరింది.

ఎంత గౌరవం ఉన్నా ఆ సలహా మేము వినలేకపోయాం. ఇంద్రావతి ఇక్కడితో ఆగదు. చిత్రకోట్ దగ్గర దూకి, భోపాలపట్నం దాటి గోదావరిలో కలుస్తుంది. ఇక్కడి కేవట్ల వలలో పడేది అక్కడి తెలుగు జాలరి వలలోనూ పడుతుంది. గుర్రపుడెక్కను ఏరలేక దళపత్ సాగర్‌లో ఊరు ఎంత అవస్థ పడిందో అందరూ చూశారు. నదిలో వదిలిన క్షణంలో మన కళ్ళు చెమరుస్తాయి, పుణ్యం చేశామనిపిస్తుంది. ఆ పుణ్యానికి ఖర్చు పెట్టేది నదిలోని చేపలు, వల మీద బతికే ఇళ్ళు. దాత పేరు ఒకరిది, సొమ్ము మరొకరిది.

చంపేయమని చెప్పినవాళ్ళూ ఉన్నారు. అది పరాయి జాతి, తప్పు లేదన్నారు. బాబాసాహెబ్ తన చివరి గ్రంథం 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అహింసను గుడ్డిగా పాటించే నియమంగా కాక, ఆలోచించి నడిచే సూత్రంగా చూడమంటారు. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అంటారు. చెరువు మునిగిపోతున్న రైతు ముందు ఆ అవసరం ఉందేమో, ఆయన్ని తప్పుపట్టే అర్హత మాకు లేదు. మా ముందు మాత్రం అవసరం లేదు. ఉన్నదల్లా పెద్ద తొట్టికి డబ్బు, వారానికి ఒక గంట శ్రమ. వాటిని తప్పించుకోవడానికి పంచశీలలో మొదటిదాన్ని మడిచి పక్కన పెట్టలేం.

చివరికి వెనక వరండాలో పెద్ద తొట్టి కొని, చలికాలానికి హీటరుతో సహా, ప్లెకోను అందులోకి మార్చాం. సొరకాయ ముక్క, దోసకాయ ముక్క వేస్తే రాత్రికి తినేస్తుంది. నానిన కర్రదుంగ ఒకటి వేశాం, దాని కిందే పగలంతా ఉంటుంది. ముందుగదిలో బంగారు చేపల తొట్టెను వారానికోసారి మేమే కడుగుతున్నాం. మూడో వంతు నీళ్ళు తీసి కొత్తవి పోస్తాం, అద్దాల నాచు స్పాంజితో గీకుతాం. వంతులు రాసి గోడకు అంటించాం, మగపిల్లాడి పేరు కూడా అందులో ఉంది. మొదట్లో వాడు మొహం చిట్లించాడు, వాసనన్నాడు. పెద్ద చేప మచ్చ మానింది, అక్కడ పొలుసు తెల్లగా వచ్చింది.

దుకాణానికి కూడా వెళ్ళాం. బుద్ధుడు ఉపాసకులు చేయకూడదన్న వ్యాపారాల్లో జీవుల వ్యాపారం ఒకటి. కానీ ఆ కుర్రాడు ఉపాసకుడు కాదు, ఆ సూత్రం అతని నెత్తిన పెట్టే హక్కు మాకు లేదు. కొనకూడనిది కొన్నది మేము. కొనేవాళ్ళకు అది ఎంత పెరుగుతుందో, ఏం తింటుందో, నదిలో ఎందుకు వదలకూడదో చెప్పమని మాత్రం అడిగాం. "చెబితే ఎవరు కొంటారండీ?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజం అన్నాడు. పెంచలేనివాళ్ళు తిరిగి తెచ్చి ఇస్తే తీసుకుంటావా అని అడిగాం. ఆలోచించి, తీసుకుంటానన్నాడు. పోయిన నెల దుకాణం మూలన ఒక బకెట్‌లో జానెడు ప్లెకోలు రెండు కనిపించాయి. ఎవరో తిరిగి ఇచ్చారట. వాటిని ఎక్కడ ఉంచాలో తెలియక మాకే ఫోను చేశాడు. మా తొట్టిలో ఒకదానికే చోటు చాలడం లేదు.