సూది కన్నా ముందు టేపు పట్టు

నాయనా,

షుగర్ మిషన్ కొన్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. గంగజాతరకు చుట్టాలంతా మీ ఇంటికి వచ్చినప్పుడు వరసగా కూర్చోబెట్టి అందరి వేళ్లూ పొడిచినావంట, అది మాత్రం బాగలేదు. ఎందుకో తరవాత చెప్తాను. ఏళ్ల తరబడి ల్యాబులో రక్తం తీసి రిటైరైనదాన్ని, నా నోరు ఊరుకోదు.

నీకు 118 వస్తే "నూట ఇరవై లోపలే, నాకేం లేదు" అన్నావంట. పరగడుపునేనా చూసుకునింది? మీ ఇంట్లో కాఫీ పడకుండా ఎవరూ మంచం దిగరు కదా. పాలూ చక్కెరా లోపలికి పోయినాక అది పరగడుపు కాదు. ఎనిమిది గంటలు నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. ఒకవేళ నిజంగా పరగడుపుదే అయితే 118 అంటే ఏమీ లేనట్టు కాదబ్బా. 126, ఆపైన వస్తే షుగర్. దాని కింద ప్రీ డయాబెటిస్. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 నుంచి లెక్క పెడుతుంది, అమెరికా డాక్టర్లు 100 నుంచి. ఎవరి లెక్కలో చూసినా నువ్వు అందులోనే ఉండావు.

అట్లని ఆ 118 పట్టుకుని నిన్ను బెదరగొట్టను. ఇంటి మిషన్ చెప్పేది తీర్పు కాదు. 100 దాటిన నంబరుకు 15 శాతం అటూ ఇటూ పోయినా, ఇట్లాంటి మిషన్లకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఒప్పుకుంటుంది. నీ అసలు నంబరు 105 కావచ్చు, 130 కావచ్చు. ఉందా లేదా తేలాలంటే చేతి నరంలోంచి తీసిన రక్తాన్ని ల్యాబులో చూడాల. స్విమ్స్ ఆసుపత్రికి పోతావో రుయా ఆసుపత్రికి పోతావో నీ ఇష్టం. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయించు. 5.7 నుంచి 6.4 దాకా ప్రీ డయాబెటిస్, 6.5 నుంచి షుగర్. దాహం, మాటిమాటికీ మూత్రం, ఊరికే చిక్కిపోవడం లాంటివి లేనప్పుడు ఒక్క రిపోర్టుతో తేల్చకుండా ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు.

అసలు సూది కన్నా ముందు పట్టాల్సింది దర్జీ టేపు. చెన్నైలో డాక్టర్ మోహన్ బృందం 2005లో మన దేశస్తుల కోసమే ఒక లెక్క తయారుచేసింది. రక్తం చుక్క అవసరం లేదు. వయసు 35 నుంచి 49 లోపలయితే 20 మార్కులు, 50 దాటితే 30. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 చేరితే 10, ఇంకో పది సెంటీమీటర్లు పెరిగితే 20. అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. కూర్చుని చేసే ఉద్యోగం, వ్యాయామం సున్నా అంటే 30. మొత్తం 60కి చేరితే ముప్పు జాస్తి. నీది వేసి చూసినాను. 42 ఏళ్లకు 20, మీ అమ్మకు షుగర్ ఉన్నందుకు 10, కుర్చీ ఉద్యోగానికి 30. టేపు పెట్టకముందే 60 అయిపోయినావు. నీ ప్యాంటు కొలత నేను అడగను.

ఇది నీ ఒక్కడి కథ కాదులే. ఐసీఎంఆర్ వాళ్ల దేశవ్యాప్త అధ్యయనం 2023లో బయటికొచ్చింది. షుగర్ ఉండేవాళ్లు 10.1 కోట్లయితే, ప్రీ డయాబెటిస్ మెట్టు మీద ఉండేవాళ్లు 13.6 కోట్లు. మెట్టు దిగనూ వచ్చు. చెన్నైలోనే డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో చూపించింది: తిండీ నడకా సరిచేసుకున్నవాళ్లలో, మూడేళ్లలో షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది, మాత్ర లేకుండా.

మరి ఆ మిషన్ దేనికంటావా? నీ కంచం నీకేం చేస్తోందో చూసుకోవడానికి. మనవైపు అందరూ "సంగటి తింటే షుగర్ రాదు" అంటారు. రాగి మంచిదే, నేనూ తింటాను. కానీ సంగటిలో బియ్యం కూడా పడతాయని మరిచిపోతారు. చెనక్కాయల ఊరిబిండి ఉంటే రెండో ముద్ద ఎప్పుడు పోయిందో తెలియదు. ఒకరోజు తినకముందు చూసుకో, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న రెండు గంటలకు మళ్లీ చూసుకో. ఇంకోరోజు ఒక్క ముద్దతో ఆపి, ఆకుకూర పప్పు జాస్తి చేసి చూడు. మూడోరోజు తిన్నాక వీధి చివర దాకా నడిచొచ్చి చూడు. పక్కన ఏం తిన్నావో రాసుకో. మీ చిన్నాయన ఉండాడే, చక్కెర మానేసినానని చెప్పి కాఫీలో బెల్లం గడ్డలు వేసుకుంటాడు. చిత్తూరు బెల్లమైనా చెరుకు రసమే కదయ్యా! ఆయన చేత కూడా ఈ లెక్క రాయించు, నేను చెప్తే వినడు. మందులేమీ వాడనివాడివి, రోజూ పొడుచుకోవద్దు. స్ట్రిప్పులు ఊరికే రావు.

చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని పొడుచుకో. తోతాపురి కోసిన వేలితో చూసుకుంటే మిషన్ మామిడికాయ షుగర్ చూపిస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు, నీళ్లు పడాల. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన పొడువు, నొప్పి తక్కువ. రక్తం రాలేదని పిండొద్దు, చెయ్యి కిందికి వేలాడదియ్. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించు. ఎండాకాలంలో బండి డిక్కీలో పెట్టినావంటే పనికిరావు, ఫ్రిజ్‌లోనూ వద్దు.

ఇప్పుడు జాతర సంగతి. ఒకరిని పొడిచిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి అంటుకోవచ్చు. సూది మార్చినానంటావేమో, సూది పెట్టి పొడిచే పెన్ను కొసకు కంటికి కనపడనంత రక్తం ఉన్నా చాలు. సొంత పెన్ను లేనివాళ్లను ల్యాబుకు పంపు. సూది గానీ పెన్ను గానీ మార్చకుండా చేసుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పి, అందరికీ పరీక్ష చేయించు. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టు. చెత్త ఎత్తే అమ్మాయి చేతికి గుచ్చుకోకూడదు.

ఇంకో మాట. ఆరోజు అందరినీ పొడిచినావు గానీ, పొంగళ్ల దగ్గరా పొయ్యి దగ్గరా నిలబడిన మన కోడలిని, నీ పెళ్లాన్ని పిలిచినావా? రెండో కాన్పప్పుడు ఆ పిల్లకు షుగర్ వచ్చింది, బిడ్డ పుట్టినాక పోయిందని అందరం మరిచిపోయినాం. అట్లా వచ్చి పోయినవాళ్లకు ముందుముందు మళ్లీ వచ్చే ముప్పు మిగతా ఆడవాళ్ల కన్నా ఎన్నో రెట్లు. కాన్పయిన నాలుగు నుంచి పన్నెండు వారాల్లో ఒకసారి, ఆ తరవాత ఒకటి నుంచి మూడేళ్లకొకసారి జీవితమంతా చూపించుకోవాల. ఆమెకు రక్తం తక్కువ కాబట్టి హెచ్‌బీఏ1సీ ఒక్కటే నమ్మడానికి లేదు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తరవాత తీసే పరీక్ష అడుగు. నువ్వు పోయేటప్పుడే ఆమెనూ తోడుకొని పో, పిల్లలను ఆ పూట నేనొచ్చి చూసుకుంటాను. ఇద్దరి రిపోర్టులూ ఫోటో తీసి పంపు.

మీ పెద్దమ్మ,
చిత్తూరు