ప్రకృతి, వికృతి, కంపెనీ సాఫ్ట్‌వేర్

వేరొకరు సిద్ధం చేసి పెట్టిన విధానాన్ని స్వీకరించే సంస్థ దానిని ఉన్నది ఉన్నట్లు పాటించాలా, తన అలవాటుకు అనువుగా మార్చుకోవాలా అన్న ప్రశ్న ఐటీ సర్వీస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొనే ప్రతి కంపెనీలోనూ తలెత్తుతుంది. సర్వర్ ఆగిపోతే టికెట్ నమోదు చేయడం, దానిని తగిన బృందానికి అప్పగించడం, వ్యవస్థలో మార్పు చేసే ముందు అనుమతి తీసుకోవడం వంటి పనులను నడిపే ఈ సాఫ్ట్‌వేర్ సర్వీస్‌నౌ, బీఎంసీ వంటి సంస్థల నుంచి రెడీమేడ్‌గా వస్తుంది. చర్చ సాధారణంగా ఖర్చు చుట్టూ తిరిగినా, దాని మూలంలో ఉన్నది ప్రామాణ్యానికి సంబంధించిన ప్రశ్న. ఒక పద్ధతి ఏ ఆధారం మీద చెల్లుతుంది, దానిని మార్చే అధికారం ఎవరికి, ఎంతవరకు ఉంటుంది అన్నదే ఆ ప్రశ్న. భారతీయ దర్శనాలలో దీనిని నిశితంగా విచారించినవారు, వేదం విధించిన యాగకర్మలను వివరించే మీమాంసకులు.

జైమిని మీమాంసా సూత్రాల పన్నెండు అధ్యాయాలలో ఏడు నుంచి పది వరకు ప్రధానంగా ఈ విచారణే నడుస్తుంది. అంగాలన్నీ విధించి చెప్పిన యాగం ప్రకృతి. అమావాస్యకూ పౌర్ణమికీ చేసే దర్శపూర్ణమాసం ఇష్టులనే యాగాలకు ప్రకృతి. కొన్ని విశేషాలు మాత్రమే చెప్పి విడిచిన యాగం వికృతి. మిగిలిన అంగాలను అది ప్రకృతి నుంచి తెచ్చుకుంటుంది, ఆ తెచ్చుకోవడమే అతిదేశం. అలా తెచ్చుకున్న మంత్రంలో అగ్ని పేరు ఉండి, వికృతిలోని హవిస్సు సూర్యుడిదైతే, అగ్ని స్థానంలో సూర్యుడి పేరు చేర్చి చదవాలి. ప్రయోజనాన్ని బట్టి చేసే ఈ సవరణకు ఊహ అని పేరు. అయితే ప్రకృతిలో ఊహకు తావు లేదు. దర్శపూర్ణమాసంలో యజమాని భార్యను ఏకవచనంలో పేర్కొనే మాట ఉంది. అతడికి ఇద్దరు భార్యలున్నా ఆ ఏకవచనాన్ని మార్చకూడదన్నది సిద్ధాంతం. వీటన్నింటికంటే లోతైన నిర్ణయం రెండో అధ్యాయంలోనే కనిపిస్తుంది: ఊహ చేసి చేర్చిన పదానికి మంత్రత్వం లేదు. ఆ పదం అవసరమే, దానితో కర్మ చెల్లుతుంది కూడా, కానీ పరంపరగా వచ్చిన పాఠానికి ఉన్న ప్రతిపత్తి దానికి రాదు.

సాఫ్ట్‌వేర్‌లో జరిగేది దీనికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంటుంది. తయారీదారు ముందే వదిలిపెట్టిన చోట్ల విలువలు నింపుకోవడం కాన్ఫిగరేషన్ అనీ, అతడు పంపిన కోడ్‌నూ ఫారాలనూ తిరగరాయడం కస్టమైజేషన్ అనీ ఈ రంగంలో వ్యవహారం. సర్వీస్‌నౌ ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు విడుదల చేస్తుంది. అప్‌గ్రేడ్ సమయంలో, కంపెనీ తిరగరాసిన భాగాలను అది చెరపకుండా దాటవేసి, దాటవేసినవాటి జాబితాను కంపెనీ చేతికిస్తుంది. ఆ భాగాలలో పాతదే ఉంచాలో కొత్తదాన్ని తీసుకోవాలో ఒక్కొక్కటిగా తేల్చుకోవలసిన భారం ఇక కంపెనీదే. మార్చిన భాగం పని చేస్తూనే ఉంటుంది, మూలం నుంచి వచ్చే రక్షణ మాత్రం దానికి అందదు.

ఆచరణలో కనిపించే కస్టమైజేషన్లలో అధిక భాగం ఊహ లక్షణానికి తూగవు. పాత టూల్‌లోని తెర అచ్చంగా కొత్త టూల్‌లోనూ కనిపించాలన్న పట్టుదల, ఎవరూ చదవని వివరాల కోసం ఇన్సిడెంట్ ఫారంలో చేర్చే గడులు, గడువు లెక్క ఆగిపోవడానికి కల్పించే పెండింగ్ స్థితులు — ఇవన్నీ ప్రయోజనం మారినందువల్ల వచ్చినవి కావు, అలవాటు మారనందువల్ల వచ్చినవి. అలవాటు దానంతటది ప్రమాణం కాదు. గంటల లెక్కన బిల్లు వేసే సర్వీస్ కంపెనీకి ఇటువంటి కోరికలను కాదనే కారణం ఉండదు కనుక, హైదరాబాద్ ఐటీ కార్యాలయాలలో ఏళ్ల తరబడి సాగే కస్టమైజేషన్ పనిలో ఎంత భాగం అవసరమైనదో అడిగేవారు తక్కువ.

అయితే మార్పును పూర్తిగా నిషేధించేవారి వాదన కూడా నిలవదు. మీమాంసలో బాధ అనే మరో సూత్రం ఉంది. ప్రయోజనం లోపించిన అంగాన్ని వికృతిలో విడిచిపెట్టడం దాని అర్థం. కృష్ణలాలతో, అంటే గురివింద గింజ ఎత్తు బంగారు ముక్కలతో, చేసే ఒక ఇష్టిలో ధాన్యం దంచే క్రియ తొలగిపోతుంది, ఎందుకంటే బంగారానికి ఊక ఉండదు. నివారించవలసిన ముప్పేదీ లేని చిన్న మార్పుకు కూడా మూడు అంచెల అనుమతి అడిగే వర్క్‌ఫ్లోకు ఈ న్యాయం సరిగ్గా వర్తిస్తుంది. చట్టం తెచ్చే విశేషాలు మరింత బలమైనవి: 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం భారతదేశంలోని సంస్థలు నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. ఆ గడువును పాటించడం ఇక్కడి సంస్థకు విధి కనుక, దానిని టికెట్‌లో చూపించే మార్పు న్యాయమైనదే. ఇందులోనూ చాలావరకు కాన్ఫిగరేషన్‌తోనే సరిపోతుందన్నది గమనించదగినది.

పోలిక ఇక్కడితో ఆగుతుంది, ఆగాలి కూడా. వేదం అపౌరుషేయమని, అంటే ఏ పురుషుడూ రచించనిదని, మీమాంసకుల మతం. సాఫ్ట్‌వేర్‌కు అటువంటి గౌరవం లేదు. దానికి ఆధారమైన ఐటిల్ గ్రంథాలు 1980ల చివరలో ఒక బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ తలపెట్టిన సంకలనం నుంచి పుట్టాయి. అవి మార్గదర్శకాలే తప్ప శాసనాలు కావు. సర్వీస్‌నౌలో ఒకప్పుడు ఇన్సిడెంట్‌కు మూడు వేర్వేరు నిరీక్షణ స్థితులు ఉండగా, తరువాతి వెర్షన్లు వాటిని ఒకే ‘ఆన్ హోల్డ్’ స్థితిగా కలిపి, కారణాన్ని వేరే గడిలో రాయించాయి. తయారీదారే మార్చుకున్న పాఠాన్ని శాశ్వత సత్యంగా భావించి ‘అవుట్ ఆఫ్ ది బాక్స్’ అని జపించడం కూడా మూఢభక్తే.

కాబట్టి నిరూపణ భారం మార్చేవారి మీద ఉండాలి. ఏ ప్రయోజనం వేరైనందువల్ల ఈ మార్పు అవసరమైందో, కాన్ఫిగరేషన్‌తో అది ఎందుకు సాధ్యం కాలేదో, ప్రతి అప్‌గ్రేడ్‌లో దానిని ఎవరు మోస్తారో రాసి ఉంచని కంపెనీకి కస్టమైజేషన్ చేసే అర్హత లేదు.