పేరు ఎవరిది? పని ఎవరిది?

ఒక గోండు గూడెం బడిలో పిల్లల్ని మేము ఒకసారి అడిగాం: "మీ ఊళ్ళో కళాకారులు ఎంతమంది ఉన్నారు?" ఎవరూ చెయ్యెత్తలేదు. ఒక పాప మాత్రం లేచి, "మా ఊళ్ళె ఎవ్వరు లేరు సార్, టీవీల ఉంటరు" అంది. ప్రశ్న మార్చి అడిగాం. దండారికి గుస్సాడీ ఎవరు కడతారు? గుమ్మేల ఎవరు కొడతారు? వెదురు బుట్ట ఎవరు అల్లుతారు? పండక్కి గోడ ఎవరు అలికి బొమ్మ వేస్తారు? అంతే, గది నిండా చేతులు లేచాయి. మా తాత, మా మామ, మా అవ్వ, మా పెద్దనాయిన అంటూ పేర్లు చెప్పారు. రాస్తూ పోతే బోర్డు నిండిపోయింది.

అన్ని పేర్లున్న ఊళ్ళో కళాకారుడే లేడని ఆ పాపకు ఎవరు నేర్పారు? ఎవరో బయటివాళ్ళు అని తప్పించుకోవడానికి లేదు. బడిలో పాఠం చెప్పేది మనమే. ఇంట్లో "ఆ డోలు పక్కన పెట్టి చదువుకో" అనేది కూడా మనమే. ఢిల్లీ నుంచి బిరుదు వచ్చిన రోజున దండ వేసి ఫోటో దిగేదీ మనమే. కాబట్టి గుర్తింపు అనే మాటను మనమే ఒకసారి కూర్చుని తిరగేసి చూడాలి. అది దేనికి వస్తుంది? ఎవరికి చెందుతుంది? వచ్చినవాళ్ళు ఊరికి ఏం బాకీ పడతారు? రానివాళ్ళకు ఊరు ఏం బాకీ పడుతుంది?

ముందుగా ఒక పని చేసే తీరు చూద్దాం. జైనూరు దగ్గరి ఉషేగాంలో ఓజలు గోండుల దేవుళ్ళ ప్రతిమలు, దీపాలు, గంటలు, నగలు ఇత్తడితో పోస్తారు. మెత్తటి మట్టితో లోపలి ఆకారం చేస్తారు. మైనాన్ని సన్నని దారాలుగా తీసి దాని మీద చుడతారు, కళ్ళూ ముక్కూ నగలూ అన్నీ ఆ మైనపు దారంతోనే దిద్దుతారు. దాని మీద మళ్ళీ మట్టి పూతలు పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగి పోతుంది. అది వదిలిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితే బొమ్మ బయటికి వస్తుంది. అచ్చు ఒక్కసారికే పనికొస్తుంది. ఇంకో బొమ్మ కావాలంటే మళ్ళీ మట్టి పిసకడం దగ్గర్నుంచి మొదలు. అందుకే ఓజ చేతిలోంచి వచ్చిన రెండు బొమ్మలు ఎప్పుడూ ఒక్కలా ఉండవు.

ఈ పద్ధతి ఎంత పాతదో తెలుసుకోవాలంటే మొహెంజొదారో నాట్యగత్తె బొమ్మ చూడాలి. సుమారు 4500 ఏళ్ళ కిందటి ఆ కంచు బొమ్మను ఇలా మైనం కరిగించే పద్ధతిలోనే పోశారు. ఇవాళ అది ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉంది. దేశం మొత్తం దాన్ని చూసి గర్వపడుతుంది, ప్రతి చరిత్ర పుస్తకంలో దాని ఫోటో ఉంటుంది. చేసినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. జాతి గర్వపడేది పనిని చూసి. పనివాడి పేరు పోయినా జాతికి లోటు కనపడలేదు. మన కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఉషేగాం ఓజల పనికి 2018లో 'ఆదిలాబాద్ డోక్రా' అనే పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. వేరేచోట మిషను మీద చేసిన సరుకును ఆ పేరుతో అమ్మితే అడిగే హక్కు వచ్చింది. కానీ ఆ పేరును ఒకసారి గమనించండి. డోక్రా అన్నది బెంగాల్, ఒడిశా వైపు ఇదే పని చేసే ఒక సంచార జాతి పేరు. ఆ జాతి పేరే దేశమంతటా ఈ పనికి పేరయిపోయింది. అంటే మన ఓజకు గుర్తింపు వచ్చింది గానీ, ఓజ అనే మాటకు రాలేదు. తప్పు ఎవరిదని వాదులాడడం మా ఉద్దేశం కాదు. బయటి నుంచి వచ్చే గుర్తింపు బయటివాళ్ళకు తెలిసిన మాటలోనే వస్తుందని చెప్పడమే మా ఉద్దేశం. మన మాటలో మనం గుర్తించే పని మిగిలే ఉంటుంది. అది మన తరఫున ఇంకెవరూ చెయ్యరు.

ఇంకో గీత ఉంది. ప్రభుత్వం లెక్కలో చిత్రకారుడూ శిల్పీ వేరు, చేతిపనివాడు వేరు. 1954లో పెట్టిన లలిత కళా అకాడమీ సాంస్కృతిక శాఖ కింద ఉంది. 1965 నుంచి ఇస్తున్న హస్తకళల జాతీయ అవార్డులు జౌళి శాఖ చూస్తుంది. ఓజ చేసిన దేవుడి ప్రతిమ ఈ లెక్కలో బట్టల శాఖ వైపు పడుతుంది. పట్నంలో చదువుకున్నాయన అదే ఇత్తడితో బొమ్మ పోస్తే అది శిల్పం, కింద సంతకం ఉంటుంది. ఓజ పోస్తే హస్తకళ, కింద ధర చీటీ ఉంటుంది. ఇద్దరి చేతుల్లోనూ తేడా లేదు. ఒకరు ఆలోచించి చేస్తారు, ఇంకొకరు అలవాటుగా చేస్తారని ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకంలోనే తేడా ఉంది. మైనపు దారం ఎంత సన్నగా తీయాలి, ఇత్తడి ఏ రంగు తిరిగినప్పుడు పోయాలి, గాలి పోయే దారి ఎక్కడ విడవాలి అన్నవి తెలియకుండా బొమ్మ రాదు. అది ఆలోచన కాకపోతే ఇంకేది ఆలోచన? చేతిలో ఉన్న తెలివిని తెలివి అని ఒప్పుకోకపోవడం అన్యాయం. మన పిల్లలు కూడా అదే అన్యాయాన్ని నేర్చుకుంటున్నారు. అందుకే ఆ పాప "ఎవ్వరు లేరు సార్" అంది.

ఇప్పుడు బిరుదుల సంగతి. మర్లవాయి కనకరాజుగారికి గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2022లో కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథతో సహా కోయ పెద్దల చరిత్రలను నోటితో నిలిపినవాడాయన. ఇద్దరూ 2024లో మనల్ని వదిలి వెళ్ళారు. ఆ రెండు కబుర్లు విన్న రోజున ఎంత సంతోషించామో, పోయిన కబుర్లు విన్నప్పుడు అంత భయపడ్డాం. బిరుదు కాగితం ఇంట్లో ఉంటుంది. గొంతులో ఉన్న కథ మట్టిలో కలిసిపోతుంది.

గుస్సాడీ గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. దీపావళి రోజుల్లో దండారి మొదలైనప్పుడు గుస్సాడీ కట్టినవాడు ఒంటికి బూడిద పూసుకుంటాడు, తల మీద నెమలి ఈకల మల్‌బూర పెట్టుకుంటాడు, దండారి ముగిసేదాకా స్నానం చెయ్యడు, నియమం తప్పడు. అన్ని రోజులూ అతను ఫలానా ఇంటి ఫలానా మనిషి కాడు, దేవుడి అంశ. జనం కాళ్ళు మొక్కుతారు. మనిషి పేరు చెరిపేసుకునే ఆ ఆటకు ఒక మనిషి పేరు మీద బిరుదు వచ్చింది. ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. ఆ బిరుదు నిజానికి గుమ్మేల కొట్టినవాళ్ళది, పెప్రె ఊదినవాళ్ళది, ఈకలు ఏరి కిరీటం కట్టినవాళ్ళది, వాళ్ళందరికీ అన్నం వండిన ఆడవాళ్ళది కూడా. బిరుదు పత్రంలో ఇన్ని పేర్లు పట్టవు. ఒక్కరి పేరు రాస్తారు.

మరి ఒక్కరి పేరు రాయడం తప్పా? మేము తప్పనం. పేరు లేకుండా పోయిన నాట్యగత్తె శిల్పి కంటే పేరున్న కనకరాజుగారు మేలు. ఒక పేరు పైకొస్తే ఆ పేరు పట్టుకుని పది మంది నేర్చుకుంటారు. పాటన్‌గఢ్ గోండు పర్ధాన్ యువకుడు జాంగర్ సింగ్ శ్యామ్ అలాగే పైకొచ్చాడు. భోపాల్ భారత్ భవన్ కోసం తిరుగుతున్న చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం గోడ మీద బొమ్మలు చూసి అతన్ని తీసుకెళ్ళింది. తాతలు వాద్యం మీద పాడిన దేవుళ్ళను అతను కాగితం మీదికి, రంగుల్లోకి తెచ్చాడు. 1989లో పారిస్‌లో అతని బొమ్మలు పెట్టారు. అతని వెనుక ఊరు ఊరే బొమ్మలు వేయడం నేర్చుకుంది. అదే ఊరి భజ్జూ శ్యామ్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క పేరు ఒక ఊరికి అన్నం పెట్టింది. అదే జాంగర్ 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో పని చేస్తూ, ఇంటికి దూరంగా, చిన్న వయసులోనే చనిపోయాడు. రెండూ నిజాలే. పేరు మోసుకుంటూ దూరం వెళ్ళినవాణ్ని ఒంటరిగా వదలకూడదన్నది కూడా ఊరి ధర్మంలో భాగం.

గుర్తింపు ఎవరి చేతికి వస్తుందో కూడా చూడాలి. వార్లీల ఇళ్ళల్లో పెళ్ళికి మట్టిగోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేసేది ఆడవాళ్ళు. కాగితం మీదికి వచ్చాక ముందు పేరొచ్చింది జివ్యా సోమా మాషేకు, 2011లో పద్మశ్రీ వచ్చింది. ఆయన గొప్పతనం తక్కువ కాదు. కానీ తరతరాలుగా గోడల మీద వేసిన అమ్మలను తలుచుకోకపోతే మనం సగం అబద్ధం చెప్పినట్టు. ఇటు భిల్లుల్లో చూస్తే పిథోరా బొమ్మలు వేసే అధికారం మగవాళ్ళదే. భూరీ బాయి భారత్ భవన్ కట్టేటప్పుడు అక్కడ కూలికి వచ్చిన మనిషి. స్వామినాథన్ అడిగితే కాగితం మీద బొమ్మలు వేసింది. అయితే కొలువు బొమ్మ జోలికి పోకుండా తన ఊరిని, చెట్టును, జంతువును, పండుగను వేసింది. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కొత్త కాగితం ఒకచోట ఆడవాళ్ళ పేరును కప్పేసింది, ఇంకోచోట ఆడమనిషికి పేరు తెచ్చింది. కాబట్టి కాగితం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న తప్పు. దాన్ని పట్టుకున్నాక ఎవరిని తలుచుకున్నాం, ఎవరిని మరిచాం అన్నదే అడగాల్సిన ప్రశ్న.

"కాగితం మీద వేస్తే, దుకాణంలో అమ్మితే అది మన కళ ఎలా అవుతుంది?" అని కొందరు పెద్దలు అడుగుతారు. వాళ్ళ బాధలో నిజం ఉంది. కానీ ఓజకు ఇత్తడి అడవిలో పుట్టలేదు, సంతలోంచే వచ్చింది. పాత బిందెలు కరిగించి దేవుణ్ని పోసినప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు. సామాను ఎప్పుడూ బయటి నుంచే వచ్చింది, మనది అయ్యేది చెయ్యీ, చేసే కారణమూ. మరి హద్దు లేదా? ఉంది. దేవుడి గుడికి పోసిన ప్రతిమ, షోకేసుకు పోసిన ఏనుగు వేరని ఓజకు తెలుసు. దండారిలో ఆడే గుస్సాడీ, మంత్రిగారి రాకకు రోడ్డు మీద ఆడే గుస్సాడీ ఒకటి కావని ఆడేవాడికి తెలుసు. మేము పెట్టుకున్న కొలత ఒక్కటే. ఆ పని చేశాక సిగ్గు లేకుండా ఊరికి తిరిగి వచ్చి దేవుడి ముందు నిలబడగలమా? నిలబడగలిగితే అమ్మినా తప్పు లేదు. లేకపోతే ఎన్ని బిరుదులొచ్చినా అది నష్టమే. ఆ జవాబు ప్రభుత్వం ఇవ్వలేదు, కొనేవాడు ఇవ్వలేడు. పెద్దలూ పడుచువాళ్ళూ కలిసి కూర్చుని చెప్పుకోవాలి.

చట్టం కూడా ఇక్కడ చాలదు. కాపీరైట్ ఒక మనిషికి అతను ఉన్నన్నాళ్ళు, ఆ తర్వాత 60 ఏళ్ళు. కోయ కథను మొదట పాడినవాడు ఎవరు? లెక్క ఎక్కడి నుంచి పెడతారు? మనకు పాతకాలం నుంచి ఇంకో చట్టం ఉంది. నేర్పినవాడి పేరు చెప్పి పాట ఎత్తుకోవాలి. అది కాగితం మీద లేకపోయినా ఇప్పటికీ నడుస్తున్నది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అందుకే మేము కోరేది చిన్నది. మీలో ఎవరికైనా రేపు పేరొస్తే, మైకు ముందు మొదటి మాటగా నేర్పినవాళ్ళ పేర్లు చెప్పండి. పేరు రానివాళ్ళు వచ్చినవాణ్ని చూసి ఏడవకండి, వాడి పక్కన నిలబడండి. నిలబడే హక్కు మీకుంది, తప్పు చేస్తే అడిగే హక్కూ ఉంది. డోలు పట్టడానికి సిగ్గుపడే చదువు చదువు కాదు. అలాగని డోలు కోసం చదువు మానేయమనీ కాదు. రామచంద్రయ్యగారి గొంతులో ఉన్నది రాసిపెట్టడానికి చదువుకున్న కోయ పిల్లలే కావాలి.

సార్లూ టీచరమ్మలూ, మీరు ఒక పని చెయ్యండి. మీ ఊరి పేర్లు బోర్డు మీద కాకుండా ఒక నోటుబుక్కులో రాయించండి. ఎవరికి ఏ పని వచ్చు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ మట్టి, ఏ కట్టె, ఏ పాట అన్నీ రాయించండి. బయటికి చెప్పకూడనిది ఉంటే పెద్దల్ని అడిగి వదిలేయండి. నెలకొకరిని బడికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

ఆ పాప ఇప్పుడు పెద్ద తరగతికి వచ్చింది. మొన్న కనపడి, "సార్, మా అవ్వ పేరు బోర్డు మీద రాసిన్రు కదా, ఇంటికి పోయి చెప్పిన" అంది. అవ్వ ఏమందని అడిగాం. "ఏమనలే. నవ్వి, తెల్లారి నన్ను గోడ అలకనీకి పిలిచింది" అంది.