గురి తప్పిన చోట గురువు బాధ్యత

విద్య యేదైనను తప్పులతోనే ప్రారంభమగును. పలకపై అక్షరములు దిద్దు బాలుడు వంకరగా వ్రాయును. గురువు తుడిచి మరల వ్రాయించును. మృదంగము నేర్చువాడు తాళము తప్పును. వంట నేర్చు పిల్ల పులుసులో ఉప్పు హెచ్చుగా వేయును. ఈ తప్పులన్నియు దిద్దుకొనదగినవే. కాని కొన్ని విద్యలలో తుడుచుటకు పలక యుండదు. మొదటి తప్పే చివరి తప్పు కావచ్చును. తుపాకి పేల్చు విద్య అట్టిది. దానిని క్రొత్తవానికి నేర్పుచుండగా ప్రమాదము జరిగినచో ఆ దోషమెవరిది? ఆ ప్రమాదమునుండి నేర్చుకొనుట యనగా నేమి? ఈ రెండు ప్రశ్నలును విచారింపదగినవి.

తుపాకితో మనకేమి పని యని పాఠకులు శంకింపవచ్చును. మెల్‌బోర్న్ నగరమునకు ఆగ్నేయమున నున్న క్రాన్‌బర్న్ ఒకప్పుడు పశువుల పొలములకును గుర్రపు పందెములకును పేరొందిన చిన్న యూరు. నేడది ఇండ్లతో నిండిన పట్టణము. మారిషస్, ఫిజీ మొదలగు చెరకు దేశముల సంతతివారు ఆ చుట్టుప్రక్కల కాపురముండి తమ పిల్లలను పెంచుచున్నారు. అయినను దక్షిణ గిప్స్‌లాండ్ రహదారి వెంట కొంత దూరము పోయిన పొలములు ప్రారంభమగును. 1859లో విక్టోరియాలో వేటకొరకు విడువబడిన కుందేళ్ళు దేశమంతట వ్యాపించి రైతులకు శత్రువులైనవి. భారతదేశపు అడవులలో తిరుగు సాంబర్ జింకను 1860 దశకములో తెచ్చి ఇక్కడి అడవులలో విడిచిరి. కావున ఇక్కడి పల్లెలలో తుపాకి వింత వస్తువు కాదు. పొలము గల స్నేహితుడొకడు మన యువకుని శనివారము రమ్మని పిలిచి, “ఒకసారి పేల్చి చూడుము” అని తుపాకి చేతికిచ్చెననుకొందము. ఆ క్షణమునుండి ఈ ప్రశ్న మన యింటి ప్రశ్న యగును.

ఆస్ట్రేలియా ప్రభుత్వములు ఈ విషయమున కఠినముగా వ్యవహరించినవి. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక దుండగుడు 35 మందిని కాల్చి చంపెను. పండ్రెండు దినములలోనే, మే 10న, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు క్రొత్త నిబంధనల కంగీకరించినవి. విక్టోరియా రాష్ట్రము 1996లోనే ఆయుధముల చట్టమును చేసి, అనుమతి కోరువాడు ముందుగా భద్రతా శిక్షణ పొందవలెనని విధించెను. చట్టము తుపాకి ఎవరి చేతికి పోవలెనో నిర్ణయింపగలదు. కాని నేర్పువాని మనస్సులో నెంత జాగ్రత్త యున్నదో కొలువలేదు.

ఇందుకు విదేశమున జరిగిన రెండు సంఘటనలు సాక్ష్యము. 2008 అక్టోబరు 26న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, వెస్ట్‌ఫీల్డ్ అను ఊరిలో జరిగిన తుపాకుల ప్రదర్శనలో ఎనిమిదేండ్ల బాలునికి చిన్న యూజీ యంత్రతుపాకి నిచ్చిరి. పేల్చినంతనే అది పైకి లేచి బాలుని తలవైపు తిరిగెను. బాలుడు మరణించెను. అతని ప్రక్కన పర్యవేక్షకుడుగా నుండినవాడు పదునైదేండ్ల కుర్రవాడు. ఆరేండ్లు నిండకముందే, 2014 ఆగస్టు 25న, ఆరిజోనా రాష్ట్రమున ఒక శిక్షకుడు తొమ్మిదేండ్ల బాలికకు యూజీ పేల్చుట నేర్పుచుండెను. మొదట ఒక్క తూటా పేల్పించెను. అది సవ్యముగా జరిగెను. పిదప తూటాలు వరుసగా వెలువడునట్లు మార్చెను. తుపాకి బాలిక చేతులలో నిలువక ఎడమవైపునకు పైకి లేచెను. ప్రక్కనే నిలిచియున్న శిక్షకుడు ప్రాణములు కోల్పోయెను.

ఇందలి కారణము గూఢమైనది కాదు. తూటా ముందుకు పోవునపుడు తుపాకి వెనుకకు తన్నును. ఆ తాకిడి పట్టుకొన్న చేతికంటె పైభాగమున తగులుటచే తుపాకి మూతి పైకి లేచును. పెద్ద యూజీ సెకనుకు సుమారు పది తూటాలు పేల్చును. చిన్నది అంతకంటె వేగముగా పేల్చును. బెదరిన బిడ్డ మీటపైనుండి వ్రేలు తీయుటకు ముందే కార్యము ముగియును. 2008లో తెలిసిన ఈ సంగతి 2014లోని శిక్షకునికి ఉపయోగపడలేదు. ప్రమాదము పాఠము కాదు. ఎవరైన దాని నెత్తుకొని తన అభ్యాసమును మార్చుకొన్ననే అది పాఠమగును.

ఇపుడు దోషమెవరిదని అడిగిన లోకము మూడు సమాధానములు చెప్పును. మీట నొక్కిన వ్రేలిదే దోషమని కొందరందురు. కాని ఆ బాలిక చెప్పినట్లే చేసినది. తనకు తెలియని శక్తిని తన చేతిలో పెట్టినవారు పెద్దలు. మరణించిన శిక్షకుని పిల్లలు ఈ సత్యమును గ్రహించిరి. తండ్రిని పోగొట్టుకొన్న ఆ పిల్లలు బాలికను నిందింపక, ఆమెకు శాంతి కలుగవలెనని కోరుచు బహిరంగముగా సందేశము పంపిరి.

క్రొత్తవానిపై నెపము వేయుట చెరకుతోటల సంతతికి తెలియని విషయము కాదు. మిల్లులో చెరకుతో బాటు కూలివాని చేయి యంత్రములోనికి పోయిన దినమున, అతని అజాగ్రత్తయే కారణమని వ్రాసికొనుట యజమానికి సులభము. ఆ యంత్రమును ముందెన్నడు చూడనివానిని దాని నోటివద్ద నిలిపినదెవరని ఆ కాగితము అడుగదు. మారిషస్ దీవిలో డచ్చివారు 1639లో జావానుండి తెచ్చిన జింకలను వేటాడు దినములలో, ఎస్టేటు పనివారు కేకలు వేయుచు మృగములను తోలుకొని వచ్చెడివారు; దొరలు తుపాకులతో కాచుకొని యుండెడివారు. తుపాకి లేనివాడే తుపాకి కెదురుగా నడచెడివాడు. ఆ పూర్వీకుల మనుమలు తుపాకి పట్టునపుడైనను, పట్టించునపుడైనను, ఎదుటనున్నవాని స్థానమును మరువరాదు.

రెండవ సమాధానము విధి. “తలవ్రాత యట్లున్నది” అని నిట్టూర్చుట మనవారికి వాడుక. దుఃఖితుల నోదార్చుటకు ఆ మాట పనికివచ్చును గాని, కారణము వెదకునపుడు పనికిరాదు. కర్మ యనగా చేసిన పని. ఆ తుపాకిని ఆ చేతికిచ్చుటయు ఒక కర్మయే. తలుపు గడియ వేయనివాడు దొంగను విధి యనుట తగదు.

మూడవ సమాధానము గురువుదే భారమనునది. ఇదియే సత్యమునకు దగ్గర. అయితే మరణించినవానిని దుష్టుడని తీర్పు చెప్పనక్కరలేదు. అతడు తన ప్రాణమునే చెల్లించెను. మంచివాడును, అనుభవజ్ఞుడును పొరబడగలడని తెలియుటయే ఈ పాఠములో భయంకరమైన భాగము. తనకు సులభమైనది ఇతరులకును సులభమని తోచుట నేర్చినవానికి సహజము. ఆ తోపునే అతడు ముందుగా శంకింపవలెను.

ఈ సందర్భమున శ్రీమద్రామాయణములోని దశరథుని కథ స్మరింపదగినది. యువరాజుగా నున్నప్పుడు శబ్దమును విని గురి తప్పక కొట్టగలడను కీర్తి అతనికి కలదు. వర్షాకాలపు రాత్రి సరయూ తీరమున కుండలో నీరు నిండు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి బాణము విడిచెను. తగిలినది అంధులైన తల్లిదండ్రుల కొరకు నీరు ముంచుచున్న బాలునికి. బాణము గురి తప్పలేదు, తప్పినది తెలివి. కొట్టబోవునది ఏదో కన్నులార చూడక ఆయుధము విడువరాదని నేడు ప్రతి శిక్షణలోను మొదట చెప్పుదురు. నేర్పు గలవాడే ఈ నియమమును మీరెనని వాల్మీకి చెప్పుచున్నాడు.

కథ అంతటితో ముగియలేదు. దశరథుడు పారిపోలేదు. కుండతో నీరు తీసికొని ఆ వృద్ధులకడకు పోయి, తానే చంపితినని చెప్పెను. నీవే వచ్చి చెప్పితివి గనుక బ్రతికితివి, దాచినచో నీ తల పగిలియుండెడిదని ఆ తండ్రి పలికెను. శాపము తప్పలేదు, బాలుడు తిరిగి రాలేదు. అయినను ఒప్పుకొన్న తప్పునకును, దాచిన తప్పునకును ధర్మము భేదము చూపినది. దాచిన ప్రమాదము మరియొక యింటిలో మరల జరుగును. చెప్పిన ప్రమాదము మరియొకని చేతిని ఆపును.

కావున నేర్పువాడు చేయవలసినది స్పష్టము. తుపాకి ఖాళీగా నున్నదని తలపక, ఎల్లప్పుడు నిండియున్నదనియే భావింపవలెను. మూతి మనుష్యులవైపు తిరుగనీయరాదు. గురి నిశ్చయమగువరకు వ్రేలు మీటకు దూరముగా నుండవలెను. గురి వెనుక నేమున్నదో చూడవలెను. క్రొత్తవానికి తేలికయైన తుపాకియే ఇచ్చి, ఒక్కొక్క తూటానే నింపి పేల్పింపవలెను. మొదటిది బాగుగా పేలినంతమాత్రమున రెండవ మెట్టు ఎక్కింపరాదు. చేయి అందునంత దగ్గర నుండవలెను గాని మూతి తిరుగగల చోట నిలువరాదు. శిష్యుడు తప్పు చేయునని ముందే యెంచి, ఆ తప్పు ప్రాణము తీయకుండునట్లు ఏర్పాటు చేయువాడే గురువు.

ఇంత భారము మోపినచో ఎవరును నేర్పుటకు ముందుకు రారని ఆక్షేపింపవచ్చును. కాని భారము నిత్యము గురువునందే నిలువదు. శిష్యుని జ్ఞానము పెరిగినకొలది అది అతని భుజముపైకి మారును. విక్టోరియాలో ఇరువదియొక యేండ్లలోపు వారు కారు నడుపు అనుమతి పొందుటకు ముందు పెద్దవారి ప్రక్కన 120 గంటలు నడుపవలెను. పసుపుపచ్చని ఎల్ పలక తగిలించిన కారులో బిడ్డ ప్రక్కన కూర్చుండు ప్రతి తల్లియు, తండ్రియు ఈ బాధ్యతను మోయుచున్నవారే. మొదటి గంటలో తప్పు దాదాపు వారిది; నూరవ గంటలో సగము బిడ్డది.

తుపాకి పట్టనివారికిని ఈ పాఠము వర్తించును. దీపావళినాడు పసిచేతికి కాకరపువ్వొత్తి నిచ్చువాడును, మరుగు నూనెయొద్ద బూరెలు వేయుట నేర్పు అమ్మమ్మయు ఆ క్షణమున గురువులే. ఆయుధమును గాని అగ్నిని గాని మరియొకరి చేతికిచ్చుటకు ముందు, “వీడు తప్పు చేసిన నేమగును?” అని ఒక్కసారి తలచువారి యిండ్లలో పిల్లలు క్షేమముగా పెరుగుదురు గాక. పొరబాటు జరిగిన దినమున దానిని దాచక చెప్పు ధైర్యమును భగవంతుడు పెద్దలకు ప్రసాదించు గాక.