ప్రాణం ముందు, మందలింపు తర్వాత

మత్తు పదార్థాలు హరామ్. ఈ విషయంలో మనలో ఎవరికీ సందేహం లేదు. అయితే ఆ హరామ్‌కు పాల్పడిన మనిషి మన కళ్లెదుటే ఊపిరాడక పడిపోతే మన బాధ్యత ఏమిటి? "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని ఊరుకోవచ్చా?

అమెరికాలో ఈ ప్రశ్న ఇళ్ల గడపల దాకా వచ్చింది. మన పిల్లలు ఎందరో అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మత్తుమందుల మోతాదు మించి 2022లో ఆ దేశంలో 1,07,000 మందికి పైగా మరణించారు. అధిక శాతం మరణాలకు హెరాయిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్లే కారణం. నల్లమందు కోవకు చెందిన ఈ మందులు మోతాదు మించితే శ్వాస క్రమంగా మందగించి ఆగిపోతుంది. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రలతో కూడా ఈ ప్రమాదం రావచ్చు.

దీనికి విరుగుడు నలాక్సోన్. ముక్కులో పిచికారీ చేస్తే సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో శ్వాస తిరిగి వస్తుంది. 2023 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది. 2024లో మరణాలు సుమారు 80 వేలకు తగ్గాయి. ఈ మందు విస్తృతంగా అందుబాటులోకి రావడం అందుకు ఒక కారణమని అక్కడి ఆరోగ్యశాఖ భావిస్తోంది.

కొందరు ధర్మాభిమానంతోనే ఒక అభ్యంతరం లేవదీస్తారు: విరుగుడు ఇంట్లో ఉంచుకుంటే పాపానికి ధైర్యం ఇచ్చినట్లు కాదా? కాపాడిన మనిషి మళ్లీ అదే దారి పట్టడా?

పట్టవచ్చు. కాని నలాక్సోన్‌లో మత్తు లేదు. అది మత్తును విరిచేస్తుంది. అలవాటు పడినవారిని ఒళ్లునొప్పులు, వాంతులతో అల్లాడిస్తుంది. అలాంటి దాన్ని చూసుకొని ఎవరు పాపానికి ధైర్యం చేస్తారు?

ఇక ధర్మశాస్త్రం వైపు చూద్దాం. షరీఅత్ పరిరక్షించే ఐదు విషయాల్లో ప్రాణాన్ని, బుద్ధిని ఇమామ్ గజాలీ వేర్వేరుగా పేర్కొన్నారు. బుద్ధిని పాడుచేసుకున్నవాడి ప్రాణానికి విలువ పోదు. నీట మునుగుతున్న వ్యక్తి కేక వినబడితే, కాపాడగలిగినవాడు నమాజును మధ్యలో విడిచి పరుగెత్తాలని ఫుఖహాలు చెప్పారు. అతను నమాజీయా, తాగుబోతా అని ముందు విచారించమని షరతు పెట్టలేదు.

మద్యం తాగి పలుమార్లు శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఎవరో శపించగా దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. శిక్ష తప్పలేదు, కాని అతణ్ణి తమ వాడు కాడని తోసిపుచ్చలేదు. మరొక మాట. తౌబా చేసుకోవాలంటే మనిషి బతికి ఉండాలి. అతని ఊపిరి నిలబెట్టడమంటే తౌబాకు గడువు సంపాదించి పెట్టడమే.

మన ఇళ్లలో అసలు ఆటంకం పరువు. పదిమందికీ తెలుస్తుందని అంబులెన్సు పిలవడానికి వెనుకాడతాం. పాపాన్ని కప్పిపుచ్చడం మంచిదే, కాని దానికి ప్రాణాన్ని మూల్యంగా చెల్లించకూడదు. పిలిచినా లేవకపోవడం, శ్వాస మందగించడం, పెదవులు నీలిరంగుకు మారడం, కనుపాపలు సూదిమొనంత కావడం ప్రమాద సూచనలు. వెంటనే అమెరికాలో 911కు, మన రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేయాలి. మందు దగ్గర ఉంటే వాడాలి. తర్వాత మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి పుంజుకోకపోతే మరో మోతాదు ఇవ్వాలి. కళ్లు తెరిచాడని వదిలేయకూడదు. నలాక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, ఆ తర్వాత శ్వాస మళ్లీ ఆగవచ్చు.

మందలించడానికి, చికిత్స చేయించడానికి, నమాజు వైపు పిలవడానికి రేపటి రోజు ఉంది. అతనికి ఆ రేపును దక్కనివ్వడమే ఈ రోజు మన విధి. ముందు ప్రాణం కాపాడి, తర్వాత ప్రేమతో సంస్కరించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.