గాయము – సాక్ష్యము

బిలాసపురము రైలు పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ యూరిని కూడలిగా మార్చినది. 2003 నుండి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. పట్టాలపై పనికై ఉత్తరాంధ్రమునుండి వలసపోయిన తెలుగు కుటుంబములు అక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడినవి. క్వార్టర్ల వెనుకను, పట్టాల ప్రక్కనున్న కంకరలోను మొలచు కలుపు మొక్క యొకటి కలదు. దాని పూవునకు తెల్లని రేకులు, పసుపుపచ్చని బొడ్డు. తెలుగువారు దానిని గడ్డిచామంతి యనియు, గాయపాకు అనియు అందురు; హిందీవారు ఘమరా అందురు. ఆటలో మోకాలు దోక్కొనిపోయిన బిడ్డకు తల్లి ఆ యాకును అరచేత నలిపి రసము పిండును. బిడ్డ ఏడుపు మానును. నాలుగు దినములలో గాయమును మానును. ఆ యాకే గాయమును మాన్పినదా అను ప్రశ్న ఆ తల్లికి తోచదు. తోచవలసిన అవసరమును లేదు. కాని అదే రసమును సీసాలో పోసి, వెలకట్టి, తానెన్నడును చూడని మనుష్యుని పుండుపై పూయుమని చెప్పువానికి ఆ ప్రశ్న తప్పదు.

గాయమునకు ఒక విచిత్ర స్వభావము కలదు. చాలవరకు అది తనంతట తానే మానును. అందుచేత దానిపై ఏది పూసినను, పూసినదానికే కీర్తి దక్కును. పదునేడవ శతాబ్దమున ఐరోపాలో ఆయుధలేపనమను చికిత్స ప్రచారమున నుండెను. గాయము చేసిన కత్తికి మందు పూసి, గాయమును మాత్రము కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి విడిచెడివారు. రోగులు కోలుకొనిరి. ఆ కాలమున పుండ్లపై పూయు లేపనములు పెక్కు హానికరములు. కనుక ఏమియు పూయని గాయమే మేలుగా మానెడిది. కీర్తి మాత్రము కత్తికి పూసిన మందునకు పోయినది. ఈ కథ విని నవ్వుట సులభము. నవ్వినవారు తమ యింటి అల్మారాలోని ట్యూబులను ఒకసారి తలచుకొనుట మంచిది.

అంతకు నూరేండ్ల ముందే ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే తాను కోరకయే ఒక పరీక్ష జరిపెను. తుపాకిగుండు గాయము విషపూరితమని ఆనాటి పెద్దల మతము. కాగిన నూనెను అందులో పోయుట ఆచారము. ట్యూరిన్ ప్రాంతపు యుద్ధమున నూనె అయిపోయినది. పారే మిగిలిన క్షతగాత్రులకు గ్రుడ్డు పచ్చసొన, గులాబి తైలము, టర్పెంటైను కలిపి పూసెను. ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. నూనె పోయని వారందరు తెల్లవారుసరికి మరణించియుందురని భయము. వేకువనే లేచి చూడగా, లేపనము పూసినవారు బాధ తక్కువై హాయిగా నుండిరి. నూనె పోసినవారు జ్వరముతో, వాపుతో మూలుగుచుండిరి. అతడు కాగిన నూనెను వదలివేసెను. ఇందు ముఖ్యమైనది గులాబి తైలము కాదు. ఒకే యుద్ధమున, ఒకే రాత్రి, రెండు విధముల వారిని ప్రక్కప్రక్కన చూచుట సంభవించినది. నూనె చాలినంత యున్నచో ఆ సత్యము తెలిసెడిది కాదు. ఆచారమును అందరికిని సమానముగ, దయతో వర్తింపజేసిన వైద్యుడు దాని దోషమును ఎన్నడును కనుగొనలేడు. నీతిశాస్త్రము ఇక్కడ చిక్కున పడును. కొందరికి ఇచ్చి, కొందరికి ఈయక చూచుట క్రూరముగ కన్పట్టును. తెలియనిదానిని అందరికిని ఇచ్చుట దయగా కన్పట్టును.

దీనికి సమాధానముగ ప్రాచీనతను సాక్ష్యమునకు పిలుచువారు కలరు. తాతముత్తాతలు వాడినది చాలదా యని వారి వాదము. సుశ్రుతుడు చికిత్సాస్థానపు తొలి యధ్యాయమున వ్రణమునకు అరువది ఉపక్రమములను చెప్పెను. అందు శోధనము వేరు, రోపణము వేరు. శుద్ధికాని వ్రణమును మాన్పబూనుట తగదను వివేకము ఆ విభాగములోనే యున్నది. అట్టి పరిశీలకుని పేరు చెప్పి పరిశీలన వలదనుట వింతయే. ఇంతకును గాయపాకు స్వదేశము అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. సముద్రములు దాటివచ్చి, కలుపుగా వ్యాపించి, తెలుగు పేరు పెట్టుకొని, సనాతనమై కూర్చున్నది. ప్రకృతిసిద్ధమను మాటకును ఇంతే బలము: పేడయు, మట్టియు ప్రకృతిసిద్ధములే, గాయమునకు తగిలినచో ధనుర్వాతము తెచ్చునవియు అవియే.

పసుపు వ్యాజ్యము ఈ సందర్భమున తలపునకు వచ్చును. గాయములకు పసుపు వాడుటపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు 1995లో అమెరికాలో పేటెంటు లభించెను. భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, సంస్కృత గ్రంథములను, భారత వైద్యసంఘ పత్రికలో 1953లో అచ్చయిన వ్యాసమును సాక్ష్యముగ చూపెను. 1997లో పేటెంటు రద్దయినది. దేశము సంతోషించినది, సంతోషింపవలసినదే. కాని ఆ తీర్పు తేల్చినది ఒక్కటే: ఆ జ్ఞానము క్రొత్తది కాదు. పసుపు గాయమును ఎంత త్వరగ మాన్పును, ఎట్టి గాయమును మాన్పును అనునది ఆ న్యాయపీఠము ముందునకు వచ్చిన ప్రశ్న కాదు. స్వామ్యమునకు సాక్ష్యము వేరు, ఫలమునకు సాక్ష్యము వేరు. ఈ రెంటిని కలిపి చెప్పుట పత్రికలకు అలవాటైనది.

బిలాసపురమునందలి గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయమున ఔషధశాస్త్ర విభాగము కలదు. ఇట్టి విభాగములలో మూలికలను పరీక్షించు పద్ధతి దేశమంతట దాదాపు ఒక్కటే. తెల్ల ఎలుకకు మత్తునిచ్చి, వీపున కొలతప్రకారము చర్మమును తొలగింతురు. కొన్నింటికి మూలికాలేపనము, కొన్నింటికి మందులేని లేపనము పూసి, గాయపు వైశాల్యమును దినదినము కొలుతురు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము అనుసరించి ఇందుకు నీతిసంఘపు అనుమతి కావలెను. హిందీలో గాయము నిండును. తెలుగున గాయము మానును, అనగా విరమించును. ఎలుక గాయము ఈ రెండు భాషలకును లొంగదు. అది ముడుచుకొనును. ఎలుక చర్మము వదులు, దానిక్రింద పలుచని కండరపు పొర కలదు. అది అంచులను దగ్గరకు లాగును. మనుష్యుని గాయమున క్రొత్త కండ పూరించుకొనవలెను, దానిపై చర్మకణములు ప్రాకవలెను. హిందీ మాటయే ఇక్కడ శాస్త్రమునకు దగ్గర. కావున ఎలుకవీపున గెలిచిన ఆకు మనుష్యుని కాలిపై గెలుచునని చెప్పుటకు వీలులేదు. ఇట్టి పరీక్ష అక్కడితో ఆగిపోయినచో, ఆ ప్రాణి పడిన బాధకు ప్రయోజనమేమి? ఎలుకను పరీక్షించుట పాపమా యనుటకంటె, పరీక్షించి సగములో విడుచుట పాపమా యనునది బరువైన ప్రశ్న.

సగములో విడువని వారును కలరు. షోలాపురమున డాక్టరు సుబ్రహ్మణ్యం కాలిన గాయముల రోగులు 104 మందిపై తేనెను, సిల్వర్ సల్ఫాడయజిన్ లేపనమును పోల్చి 1991లో ఫలితములు ప్రకటించెను. తేనె మేలని తేలినది. 2015లో కాక్రేన్ సమీక్ష ఇట్టి పరీక్షలనన్నిటిని తూచి, పైపైన కాలిన గాయములను తేనె త్వరగ మాన్పునని చెప్పినది. పెక్కు ఇతర వ్రణముల విషయమున సాక్ష్యము చాలదనియు చెప్పినది. వంటింటి సీసాకు ఇంతకంటె గౌరవమేమి కావలెను?

ఆస్పత్రి మందైనంత మాత్రమున పరీక్షకు అతీతము కాదు. 2014 నవంబరులో బిలాసపురము సమీపమున జరిగిన కుటుంబనియంత్రణ శిబిరమున ఒక్కరోజున 83 మంది స్త్రీలకు ఆపరేషనులు చేసిరి. పదిమందికి పైగా మరణించిరి. శస్త్రచికిత్స అశుచియా, ఇచ్చిన మాత్రలలోని కల్తీయా కారణమను వివాదము చెలరేగినది. ఆకు రసమును అనుమానించు కన్నుతోనే మాత్రను, కత్తిని, వాటివెనుకనున్న తొందరను చూడవలెను.

పూర్వము గ్యాంగుమన్ అనబడి, ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్ అనబడు కార్మికుడు ఒకడు మధుమేహము గలవాడనుకొందురు గాక. అరికాలు మొద్దుబారియుండును, కంకరరాయి కోసినను తెలియదు. ఆకు రసముతో నెల గడిపినచో పుండు ఎముకవరకు పోవచ్చును, కాలు తీయవలసి రావచ్చును. అట్టివాని పుండుపై గాయపాకును పరీక్షింపదలచినచో, శుభ్రపరచుట, చక్కెర అదుపు, బరువు పడకుండ కట్టుట అందరికిని సమానముగ జరుగవలెను. ఆపైన కొందరికి ఆకు, కొందరికి మందులేని లేపనము. అంగీకారపత్రము హిందీలో నుండును. అతడు ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ మాటలాడువాడు. పత్రము వినిపించిన తరువాత అతడు అడుగును: తనకు వచ్చునది ఆకా, ఉత్త లేపనమా? పరిశోధకుడు తనకు తెలియదనవలెను. రెంటిలో ఏది మంచిదని మరల అడుగును. అప్పుడును అదే మాట చెప్పవలెను. చెప్పునప్పుడు అది నిజమై యుండవలెను.