దిగులుకు దుఆ, దవా రెండూ కావాలి

 

మన అనంతపురం సీమలో వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. అలా పంట పోయిన ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత నా దగ్గర కూర్చున్నాడు. "మౌలానా సాబ్, మూడు వారాలుగా నిద్ర లేదు. అన్నం సయించడం లేదు. నమాజులో నిలబడినా మనసు నిలవడం లేదు" అన్నాడు. "సబ్ర్ చేయండి. ఈమాన్ గట్టిగా ఉంటే దిగులు దగ్గరికి రాదు" అని చెప్పి పంపించాను.

తర్వాత రెండు జుమాలకు అతను రాలేదు. ఇంటికి వెళితే తలుపు చాటు నుంచి అతని భార్య అంది: "హజ్రత్, మీరు ఆ మాట అన్నప్పటి నుంచి, నాలో ఈమానే లేదేమోనని ఏడుస్తున్నారు."

నేను ఎంత తప్పు చేశానో అప్పుడు అర్థమైంది. అప్పు మోస్తున్నవాడి నెత్తిన అపరాధ భావం కూడా పెట్టాను.

ఈమాన్ బలహీనమైతేనే దిగులు వస్తుందా? అలాగైతే హజ్రత్ యాఖూబ్ (అలై) సంగతేమిటి? యూసుఫ్ (అలై) కోసం దుఃఖించి ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన తన బాధను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. అంతటితో ఆగకుండా, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని చెప్పి, యూసుఫ్‌ను వెతకడానికి కుమారులను పంపారు. కన్నీరు, దుఆ, ప్రయత్నం మూడూ ఆయనలో ఉన్నాయి.

మహాప్రవక్త (స) తరచూ చేసిన ఒక దుఆను హజ్రత్ అనస్ (రజి) మనకు అందించారు. ఆ ఒక్క దుఆలోనే ఆయన ఆందోళన, దుఃఖాల నుంచీ, అప్పుల భారం నుంచీ అల్లాహ్ శరణు కోరారు. ఆలోచించండి! ఇది మన రైతు గుండెలోని మాట కాదా?

ప్రసవ వేదనలో హజ్రత్ మర్యమ్ (అలై) ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని వాపోయారు. ఆమెకు మందలింపు రాలేదు. ఓదార్పు మాట, తాగడానికి నీరు, తినడానికి ఖర్జూరాలు లభించాయి. మరి మనం? కాన్పయిన కోడలు ఊరికే ఏడుస్తుంటే నాటకమంటున్నాం. పరీక్ష తప్పిన కుర్రవాడు గది దాటి రాకపోతే బద్ధకమంటున్నాం. కొడుకులు బెంగళూరు పనులకు పోయాక ఒంటరైన ముసలి తండ్రి అన్నం మానేస్తే వయసు అంటున్నాం. నిద్ర, తిండి, పని, మాట రెండు వారాలకు పైగా గాడి తప్పితే అది జబ్బు కావచ్చు. చావు మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

వైద్యం చేయించుకోమని, ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు సృష్టించాడని దైవప్రవక్త (స) బోధించారు. మనసు జబ్బును ఆయన ఇందులోంచి మినహాయించలేదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ బల్ఖీ శరీర ఆరోగ్యంతో పాటు మనసు ఆరోగ్యం గురించీ ఒకే గ్రంథంలో రాశారు. అలాంటి వారసత్వం ఉండి కూడా మనం రోగులను తాయెత్తులకూ, గొలుసులకూ అప్పగించాం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. నయమవుతుందన్న ఆశతో అయినవాళ్ళే వారిని అక్కడ వదిలారు. గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఆ సోదరుణ్ణి నేనే వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. డాక్టరు చెప్పేదాకా మానవద్దన్నారు, మానలేదు. దుఆ కూడా మానలేదు. ఇప్పుడు మొదటి వరుసలో నిలబడుతున్నాడు.

ఆసుపత్రి దూరమైతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ వారం మీ మస్జిదులో ఎవరి చోటు ఖాళీగా ఉందో చూడండి. ఆ ఇంటి తలుపు తట్టండి. ఉపదేశం తర్వాత, ముందు వినండి.

అల్లాహ్ మన గుండెల బరువు దించుగాక! ఒకరి బరువు ఒకరం మోసే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.